మొక్కై వంగనిది: నేర నివారణ చరిత్రలో పసివారు

జగిత్యాల జిల్లా మల్లాపూర్ మండలములో ముత్యంపేట అను గ్రామము కలదు. నిజాం డెక్కన్ షుగర్స్ వారి చక్కెర ఫ్యాక్టరీలలో ఒకటి ఇక్కడ ఉండెడిది. 2015 చివర అది మూతపడినది. చెరకు వేసినవారు దూరపు ఫ్యాక్టరీలకు బండ్లు తోలుకొన్నారు, లేదా పంట మార్చుకొన్నారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతమునుండి మగవారు గల్ఫ్ దేశములకు పనికి పోవుట మాత్రము అంతకు చాల ముందునుండియే ఉన్నది. ఇంటి దగ్గర స్త్రీలు బీడీలు చుట్టుదురు.

ఇటువంటి ఊరిలో ఒక ఆరేండ్ల పిల్లవానిని ఊహించుకొందము. తండ్రి దుబాయిలో ఉన్నాడు. తల్లి పొద్దస్తమానము తునికాకు చాట ముందు కూర్చుండును. పిల్లవాడు బడిలో తోటివారిని కొట్టును, కొరుకును, పలకలు పగులగొట్టును. పంతులు మాట చెవిన బెట్టడు. చూచినవారు "మొక్కై వంగనిది మానై వంగునా?" అందురు. సామెత మంచిదే. కాని అది తేల్చని ప్రశ్న ఒకటి ఉన్నది. తోటలో వేయి మొక్కలుండగా, వాటిలో ఏది వంకర తిరుగునో ముందే చెప్పుట ఎట్లు? చెప్పితిమనుకొన్నను, దానిని సరిచేయబోయిన చేయి విరుగగొట్టదని నమ్మకమేమి?

ఈ ప్రశ్నకు తెలుగునాట ప్రభుత్వమే ఒకప్పుడు జవాబు చెప్పినది. ముత్యంపేట అప్పుడు నిజాము రాజ్యములో ఉన్నది. జవాబు చెప్పినచోటు అక్కడ కాదు; తూర్పున, మద్రాసు రాజధాని క్రింద నున్న కోస్తా జిల్లాలలో. పసివారి నడవడి చెడకముందే ఏదో ఒకటి చేయవలెనను తలంపు మన దేశములో మొట్టమొదట చట్టరూపము దాల్చి, ఊళ్లుగా వెలసినది ఇటువంటి చోట్లనే గనుక, ఈ చరిత్రను అక్కడినుండియే చెప్పవలసియున్నది.

పుట్టుకయే నేరము

1871లో బ్రిటిష్ ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసినది. హిందూదేశములో వృత్తులు కులమునుబట్టి తండ్రినుండి కొడుకునకు సంక్రమించును; కనుక నేరమే వృత్తిగా గల కులములు కూడ ఉండితీరునని ఆ చట్టమును సమర్థించినవారు వాదించినారు. ఈ వాదములో శాస్త్రమున్నట్లు పైకి కనబడును గాని, ఉన్నది పోలిక మాత్రమే. కుమ్మరి కొడుకు తండ్రి ప్రక్కన కూర్చుండి సారె త్రిప్పుట నేర్చుకొన్నాడు. సారె అతని నెత్తురులో పుట్టలేదు. అయినను ఆనాటి ఐరోపాలో గాలి ఈ భావములకు అనుకూలముగానే వీచుచున్నది. 1876లో ఇటలీ వైద్యుడు లోంబ్రోసో నేరస్థుని ముఖకవళికలనుబట్టి, పుర్రె కొలతలనుబట్టి గుర్తింపవచ్చునని గ్రంథము వ్రాసినాడు. మరుసటి సంవత్సరము అమెరికాలో డగ్‌డేల్ అను నతడు 'జ్యూక్' అని పేరు మార్చి ఒక కుటుంబపు తరతరముల నేరచరిత్రను ప్రకటించినాడు. పరిసరముల ప్రభావమును డగ్‌డేల్ గట్టిగానే చెప్పినాడు. చదివినవారు మాత్రము వంశవృక్షమును పట్టుకొని తక్కినది వదలివేసినారు.

నేరము వంశములో ఉన్నదని ఒప్పుకొన్న తరువాత చూపు పిల్లలమీదికి మళ్లుట సహజము. 1897లో చట్టమును సవరించి, జాబితాకెక్కిన జాతుల పిల్లలను నాలుగేండ్ల వయస్సునుండి పదునెనిమిదేండ్ల వరకు తల్లిదండ్రులనుండి విడదీసి ప్రత్యేక స్థావరములలో ఉంచు అధికారము ప్రభుత్వమునకు ఇచ్చినారు. 1911లో చట్టమును తిరుగవ్రాసి మద్రాసు రాజధానికి కూడ వర్తింపజేసినారు. ఇందులో పిల్లల కనీస వయస్సు ఆరేండ్లు. నాలుగు ఆరైనది, అంతకుమించి మారినదేమియు లేదు. ఆ పిల్లవాడు ఏమి చేసినాడని చట్టము ఎక్కడను అడుగలేదు. ఎవరి కడుపున పుట్టినాడన్నది మాత్రమే అడిగినది.

తెలుగు జిల్లాలలో ఈ చట్టము ముఖ్యముగా ఎరుకలవారిమీద పడినది. వీరు బుట్టలు, చాపలు అల్లుదురు. వీరి స్త్రీలు ఎరుక చెప్పుదురు. అంతకుమించి, ఒకప్పుడు వీరిలో అనేకులు సంచార వర్తకులు. గాడిదలమీద, ఎద్దులమీద తీరమునుండి ఉప్పును లోపలి గ్రామములకు చేరవేసి, అక్కడినుండి ధాన్యము తెచ్చెడివారు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున రైళ్లు వచ్చినవి; ఉప్పుపై ప్రభుత్వపు పట్టు బిగిసినది; 1876-78 నాటి మహా క్షామము పశువులను, గిరాకీని రెంటిని తుడిచిపెట్టినది. ఈ మూటివలన ఎరుకల వర్తకము కూలిపోయిన క్రమమును తరువాతి చరిత్రకారులు విడమరచి చూపినారు. బ్రతుకుదెరువు పోయినవాడు దారివెంట తిరుగుచుండగా పోలీసు కంటికి దొంగవలె కనబడినాడు. కొందరు దొంగలు కాకనూ పోలేదు. ప్రభుత్వము మాత్రము జరిగిన దానిని వెనుకకు చదివి, వీరు ఆదినుండియు దొంగలేయని తీర్పు చెప్పినది.

1913లో బాపట్ల, చీరాల పట్టణముల నడుమ ఎరుకలవారికొరకు ఒక స్థావరము ఏర్పడినది. మద్రాసు గవర్నరు కార్యాలోచన సంఘములో సభ్యుడైన హెరాల్డ్ స్టువర్ట్ పేర దానికి స్టువర్టుపురమని పేరు పెట్టినారు. నిర్వహణను సాల్వేషన్ ఆర్మీ అను క్రైస్తవ సంస్థకు అప్పగించినారు. ఈ సంస్థకు హిందూదేశములో నాయకుడైన బూత్-టక్కర్ నేరమును రోగముగా భావించి, దానిని నయము చేయు విద్యకు 'క్రిమినోక్యూరాలజీ' అని ఒక పేరు కూడ కల్పించినాడు. పేరు శాస్త్రమువలె ధ్వనించును. కృష్ణ ఒడ్డున సీతానగరములో మరియొక స్థావరము వెలసినది. నెల్లూరు జిల్లా కావలిలోని స్థావరమును అమెరికన్ బాప్టిస్టు మిషనువారు నడిపినారు.

ఈ సంస్థలవారిని కేవలము క్రూరులని త్రోసివేయుట న్యాయము కాదు. వారు భూమి పంచినారు, వైద్యము చేసినారు, బడులు పెట్టినారు. తరతరములుగా అక్షరము చూడని ఇండ్లలో పిల్లలు చదువుకొన్నారు. కాని అదే ఊరిలో పెద్దలు హాజరు చెప్పుకొనవలెను. చీటీ లేక పొలిమేర దాటరాదు. ఇచ్చిన భూమి అందరికి చాలక అనేకులు చీరాల పొగాకు కర్మాగారములో కూలికి పోయినారు. బడికి పోవు పిల్లవాడు పొద్దున లేచి చూచునది తన తల్లిదండ్రులు వరుసలో నిలుచుండుట. బడిలో నేర్పిన నీతిపాఠమునకంటె ఆ దృశ్యము బలమైన పాఠమైయుండును.

విచిత్రమేమనగా, అదే మద్రాసు ప్రభుత్వము 1920లో బాలల చట్టమును చేసినది. దేశములో అటువంటి చట్టములలో ఇదియే మొదటిది. తప్పు చేసిన బాలుని పెద్దలతోపాటు జైలులో పెట్టరాదని, దిక్కులేని బాలుని సంరక్షింపవలెనని దాని భావము. అనగా ఒకే రాజధానిలో, పదేండ్ల వ్యవధిలో, పిల్లలను గూర్చి రెండు సిద్ధాంతములు ప్రక్కప్రక్కన నడచినవి. ఒకటి బాలుని స్థితిని, చేతను చూచినది. రెండవది వాని కులమును చూచినది. రెంటిని ఒకే సచివాలయములో వ్రాసినారు.

మద్రాసు రాజధానిలో నేరస్థ జాతుల చట్టము 1947లో రద్దయినది. 1949లో కేంద్ర ప్రభుత్వము నియమించిన విచారణ సంఘమునకు అధ్యక్షుడు మన తిరుచానూరువాడైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. ఆ సంఘము సిఫారసుపై 1952 ఆగస్టు 31 నుండి దేశమంతటను చట్టము పోయినది. ఎరుకలవారు నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను షెడ్యూల్డు తెగ. 1970 తరువాతి సంవత్సరములలో గోరా కుమారుడు లవణం, జాషువా కుమార్తె హేమలత దంపతులు స్టువర్టుపురములో సంస్కరణోద్యమమును నడిపినారు. చట్టము పోయినను పేరు వదలలేదు. 1991లో కూడ ఆ ఊరి పేరు తగిలించిన పోలీసు కథ వెండితెర కెక్కినది. ఊరి పేరు చెప్పిన వెంటనే ఎదుటివాని చేయి జేబుమీదికి పోవుచుండగా అక్కడి పిల్లలు పెరిగినారు. నివారణ అను పనికి ఇది మొదటి ఖర్చు. ఏ లెక్కలోను వ్రాయని ఖర్చు.

నాణెము ఎగురవేసిన ప్రయోగము

స్థావరములను గూర్చి ఏటేటా నివేదికలు వెలువడినవి. నేరములు తగ్గినవని, స్థావరవాసులు బాగుపడినారని అందులో ఉండెడిది. నిజమే కావచ్చును. కాని స్థావరమే లేకున్న ఏమి జరిగియుండును? ఈ ప్రశ్నకు నివేదికలో జవాబుండదు. ఉండుటకు వీలు లేదు. పోల్చి చూచుటకు రెండవ జట్టు కావలెను.

అటువంటి రెండవ జట్టుతో బాలుర నడవడిపై జరిగిన తొలి గొప్ప ప్రయోగము అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రములో, కేంబ్రిడ్జి, సోమర్విల్ అను జంట పట్టణములలో 1939లో ఆరంభమైనది. దీనికి మూలపురుషుడు రిచర్డ్ కాబట్ అను వైద్యుడు. మందు పని చేసినదో లేదో పోల్చి చూచుట వైద్యునకు అలవాటు. మంచి మాటకు కూడ అదే పరీక్ష పెట్టవలెనని ఆయన పట్టు. పన్నెండేండ్ల లోపు బాలురు 506 మందిని ఎంచినారు. వయస్సు, కుటుంబము, స్వభావము, ఇరుగుపొరుగు సరిపోవునట్లు ఇద్దరిద్దరిని జోడించి, ప్రతి జంటకు నాణెము ఎగురవేసినారు. ఒకడు సహాయము పొందు జట్టులో, రెండవవాడు ఊరకుండు జట్టులో చేరినాడు. అల్లరి బాలురనేకాక సాధుస్వభావులను కూడ కావలెననియే కలిపినారు. ఈ కార్యక్రమములో ఉన్నవాడు చెడ్డవాడను మచ్చ పడకుండుటకు. స్టువర్టుపురమునకును దీనికిని గల తేడా ఈ ఒక్క ఏర్పాటులోనే కనబడును.

సహాయపు జట్టులోని బాలుని ఇంటికి సలహాదారుడు సగటున నెలకు రెండు మారులు పోయినాడు. సగముకంటె ఎక్కువమందికి చదువు చెప్పించినారు. నూరుమందికి పైగా వైద్యము చేయించినారు. దాదాపు నాల్గవవంతు మందిని వేసవి శిబిరములకు పంపినారు. ఇది సుమారు ఐదేండ్లు సాగి 1945లో ముగిసినది. ఫలితములను చూచుటకు కాబట్ బ్రతికియుండలేదు.

ముప్పది సంవత్సరముల తరువాత జోన్ మెకార్డ్ అను పరిశోధకురాలు నడివయస్సుకు వచ్చిన ఆ బాలురను వెదకి పట్టినది. సహాయపు జట్టులోని వారిలో మూడింట రెండు వంతులు ఆ కార్యక్రమము తమకు మేలు చేసినదని చెప్పినారు. అక్కడితో ఆగియుండినచో అది ఘనవిజయముగా పుస్తకాలకెక్కెడిది. మెకార్డ్ ఆగలేదు, కోర్టు, ఆసుపత్రి, మరణముల దస్త్రములను రెండు జట్లకును పోల్చినది. 1978లో ప్రకటించిన ఫలితము చదివినవారిని దిగ్భ్రాంతులను చేసినది. నేరము చేసినవారి సంఖ్య తగ్గలేదు. పైగా ఒకటికి మించిన నేరములు, త్రాగుడు లక్షణములు, తీవ్రమైన మానసిక వ్యాధి, ముందు మరణము సహాయము పొందినవారిలోనే ఎక్కువ.

మంచి చేయబోయిన చోట చెడు ఎందుకు జరిగినది? 1999లో మెకార్డ్ తన సహచరులతో కలిసి మరల లెక్కలు తీసి ఒక ఆధారము పట్టినది. కీడు ఎక్కువగా కనబడినది వేసవి శిబిరములకు ఒకటికంటె ఎక్కువ మారులు పోయినవారిలో. అల్లరి బాలురు ఒకచోట చేరినప్పుడు, ఒకడు తన దుందుడుకు పనిని గొప్పగా చెప్పుకొనును, తక్కినవారు నవ్వుదురు. ఆ నవ్వే బహుమానము. పెద్దలు వేదికమీద ఎంత నీతి చెప్పినను, వెనుక వరుసలో జరుగు ఈ బోధన ముందు అది నిలువదు. ఇక అనుమానపు ముద్ర వేసిన కుటుంబములనన్నిటిని ఒకే ఊరిలో పోగుచేసి, బయటి ప్రపంచముతో రాకపోకలు కట్టిన స్థావరములను తలచుకొనుడు. వేసవిలో కొలది దినముల శిబిరమే కీడు చేయగలిగినప్పుడు, ముప్పది నాలుగేండ్ల స్థావరము మాట చెప్పనేల? స్థావరములలో రెండవ జట్టు లేదు గనుక అంకెలతో నిరూపింపలేము. అనుమానించుటకు మాత్రము తగినంత కారణము ఉన్నది.

చాట ముందు తల్లి, వాకిట పిల్లవాడు

నేరము నెత్తురులోనుండి రానిచో ఎక్కడినుండి వచ్చును? ఇక్కడ పరిశోధన ఒక వింత సంగతి తేల్చినది. కెనడాలో రిచర్డ్ ట్రెంబ్లే మొదలగువారు పిల్లలను పసితనమునుండి వెంబడించి చూడగా, మనిషి జీవితములో ఎక్కువగా కొట్టుట, కరచుట, తన్నుట జరుగునది పదునారవ ఏట కాదు, రెండు మూడేండ్ల వయస్సున! కొట్టుటను ఎవరును నేర్పనక్కరలేదు. కొట్టకుండుటయే నేర్చుకొనవలసిన విద్య. చాలమంది బడికి పోవునాటికి దానిని నేర్చుకొందురు. కొందరు వెనుకబడుదురు. అక్షరములు ఆలస్యముగా వచ్చు పిల్లవానివలెనే వీరును. జాతి వేరు కాదు.

ఎందుకు వెనుకబడుదురో ఒరెగాన్‌లో జెరాల్డ్ పాటర్సన్ ఇండ్లలో కూర్చుండి గమనించినాడు. ఆయన చెప్పినది మన పిల్లవాని ఇంటికి అన్వయించుకొందము. తల్లి దినమునకు వేయి బీడీలు చుట్టవలెను. పిల్లవాడు ఫోను కావలెనని చాట లాగును. తల్లి కసరును. వాడు గట్టిగా ఏడ్చును. తల్లి చేయి ఎత్తును. వాడు ఆకు చిందరవందర చేయును. పని చెడుచున్నది గనుక తల్లి విసిగి ఫోను చేతిలో పెట్టును. వెంటనే ఏడ్పు ఆగును. ఇప్పుడు ఇద్దరికిని బహుమతి దొరికినది: వానికి ఫోను, ఆమెకు నిశ్శబ్దము. రేపు వాడు ఇంకొక మెట్టు పైనుండి ఆరంభించును. ఆమె ఇంకొంచెము త్వరగా లొంగును, లేదా ఇంకొంచెము గట్టిగా కొట్టును. నెలకు వందల మారులు జరిగిన ఈ సాధనతో పిల్లవాడు బడికి పోవును. అక్కడ కూడ అదే ప్రయోగించును. తల్లి చెడ్డది కాదు, పిల్లవాడు చెడ్డవాడు కాదు. ఇద్దరును ఒకరికొకరు తెలియక నేర్పుకొన్నది ఇది. నేర్చుకొన్నది గనుకనే దానిని మాన్పుటకు వీలున్నది. మంచిగా ఉన్నప్పుడు పలుకరించుట, చెప్పిన మాటమీద కోపము లేకుండ నిలబడుట అను చిన్న పనులను తల్లిదండ్రులకు అభ్యాసము చేయించు పద్ధతులు ఈ గమనికనుండి పుట్టినవే.

తరువాతి ప్రయోగములలో కొన్నిటిని మాత్రము చూతము. మిషిగన్ రాష్ట్రము ఇప్సిలాంటీలో డేవిడ్ వైకార్ట్ 1962 నుండి 1967 వరకు నడిపిన పెర్రీ శిశువిద్యాలయములో 123 మంది పేద నల్లజాతి పిల్లలు ఉన్నారు. మూడు నాలుగేండ్ల 58 మందికి ఉదయము బడి, వారమునకొకమారు ఉపాధ్యాయిని ఇంటికి రాక. తక్కిన 65 మందికి ఏమియు లేదు. ఉద్దేశించినది చదువు బాగుపడుటకు. నేరము మాట ఎవరును తలపెట్టలేదు. నలుబదవ ఏట చూడగా, ఐదుమారులు గాని అంతకుమించి గాని అరెస్టయినవారు బడి లేని జట్టులో నూటికి 55, బడి ఉన్న జట్టులో నూటికి 36.

జమైకాలోని కింగ్‌స్టన్ నగరమున సాలీ గ్రంథమ్-మెక్‌గ్రెగర్ 1986లో మొదలుపెట్టిన పరిశోధన మన స్థితికి మరింత దగ్గర. పోషణ చాలక గిడసబారిన 129 మంది శిశువులు. వయస్సు తొమ్మిది నెలలనుండి రెండేండ్ల లోపు. ఒక భాగమునకు రెండేండ్లపాటు స్థానిక ఆరోగ్య కార్యకర్త వారమునకొక గంట ఇంటికి పోయి, ఇంటిలో దొరకు వస్తువులతో చేసిన ఆటవస్తువులతో పిల్లవానిని ఆడించుట తల్లికి చూపినది. ఇరువదిరెండేండ్లు వచ్చునప్పటికి ఆ శిశువులు చదువులో మెరుగుపడుటయేగాక, కొట్లాటలలోను, తీవ్రమైన హింసలోను తక్కువగా పాల్గొన్నారని 2011లో ప్రకటించినారు.

నేరుగా నడవడినే గురిపెట్టిన వాటిలో పెద్దది 1991లో అమెరికాలోని నాలుగు చోట్ల ఆరంభమైన 'ఫాస్ట్ ట్రాక్'. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు చెప్పినదానినిబట్టి వేలాది చిన్న పిల్లలలో మిక్కిలి దుందుడుకువారు 891 మందిని ఎన్నుకొని, సగముమందికి పదేండ్లపాటు అన్నివిధముల తోడ్పడినారు. ఇరువదియైదవ ఏట, నడవడికి గాని మనస్సుకు గాని మత్తుపదార్థములకు గాని సంబంధించిన ఏదో ఒక సమస్య ఉన్నవారు సహాయము లేని జట్టులో నూటికి 69, సహాయము పొందిన జట్టులో 59. పదేండ్ల శ్రమకు పది పాళ్ల తేడా. చిన్నది కాదు, అద్భుతమును కాదు. కాని ఈ అంకెను తిరగవేసి చదివిన మరియొక సంగతి బయటపడును. పరిశీలకులు ఏరికోరి 'ప్రమాదము హెచ్చు' అని గుర్తించిన పిల్లలలో, ఎవరి సహాయమును అందనివారిలో సైతము, నూటికి 31 మందికి ఆ వయస్సున ఆ సమస్యలేవియు లేవు. పిల్లవానినే స్వయముగా గమనించి చెప్పిన జోస్యము గతి ఇది. కులము చూచి చెప్పిన జోస్యమునకు ఎంత విలువ నీయవచ్చును?

1990 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి అంగీకరించిన రియాద్ మార్గదర్శక సూత్రములు ఈ విషయమునే తాకినవి. బాలునికి 'దారితప్పినవాడు' అను ముద్ర వేయుటయే వానిని తరచు ఆ దారిలో స్థిరపరచునని నిపుణుల అభిప్రాయముగా అందులో పేర్కొన్నారు. మన దేశపు 2015 బాలల న్యాయ చట్టము కూడ బాలునికి సంబంధించిన వ్యవహారములలో నిందాపూర్వకమైన పదములు వాడరాదని ఒక సూత్రముగానే చెప్పుచున్నది. 1897 సవరణకును దీనికిని నడుమ నూటపదునెనిమిదేండ్లు గడచినవి.

ముత్యంపేటకు తిరిగి వత్తము. పిల్లలను ఏండ్ల తరబడి వెంబడించి చూచు ఓపిక మన దగ్గర లేదనుటకు వీలు లేదు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 'యంగ్ లైవ్స్' అను అంతర్జాతీయ పరిశోధనక్రింద 3,000 మంది పిల్లలను ఎంచి వారి ఎదుగుదలను వెంబడించినారు; ఎంచిన జిల్లాలలో కరీంనగరము ఒకటి. జగిత్యాల అప్పుడు ఆ జిల్లాలోనిదే. సమగ్ర శిశు అభివృద్ధి పథకము 1975 అక్టోబరు 2న దేశములో 33 చోట్ల మొదలై నేడు గ్రామగ్రామమున అంగన్‌వాడీగా నిలిచియున్నది. గర్భిణులకు, బాలింతలకు అక్కడనే పూట భోజనము పెట్టు ఆరోగ్యలక్ష్మి 2015లో తెలంగాణలో వచ్చినది. కులము అడుగకుండ, అల్లరివాడా సాధువా అని అడుగకుండ, ఊరి పిల్లలందరికి ఒకే వాకిలి తెరచిన ఏర్పాటు ఇది. కాబట్ నాణెముతో సాధింపజూచిన మచ్చలేనితనము అంగన్‌వాడీకి పుట్టుకతోనే వచ్చినది.

2024లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 'నవచేతన' పేర మూడేండ్లలోపు పిల్లలకొక ప్రణాళిక ప్రకటించినది. నెలనెలకు తగిన ఆటలు, మాటలు అందులో వరుసగా ఉన్నవి. కార్యకర్త ఇంటికి పోయి వాటిని తల్లికి చూపవలెను. జమైకా పరిశోధనలో జరిగినది దాదాపు ఇదియే. అయితే అక్కడ వారమునకొక గంట తప్పకుండ జరిగినది. బీడీ కూలి దినమునకు కాదు, వేయి బీడీలకు ఇంత అని లెక్క. కార్యకర్త వచ్చి కూర్చున్న ఆ గంటసేపు తల్లి చేతిలోని కత్తెర ఆగవలెను.